పసిపిల్లల ఎగ్జిమా: పథ్యం మాట, పూత మాట

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి రావలసి వచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు, తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు, ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆయన్నూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి వైద్యంతో కోలుకుని, కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో పనిచేశారు. 1940లో లెడర్లీ లాబొరేటరీస్‌లో చేరారు. 1945లో అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. 1948లో, యాభై మూడేళ్ల వయసులో, నిద్రలోనే వెళ్లిపోయారు.

తిన్నది ఒంటపట్టకపోతే మనిషి ఏమైపోతాడో సొంత ఇంట్లో చూసినవారు ఆయన. పోషకాల మీద ఆయన చేసిన పని ఇవాళ ప్రతి గర్భిణికీ మాత్ర రూపంలో అందుతోంది. అలాంటి మనిషి పేరున జరిగే సభలో, ఒంటి మీద దురద పుట్టిందని తిండి మాన్పించగా చిక్కిపోయిన పిల్లల గురించి మాట్లాడటమే సరైనదని నాకు తోచింది. చర్మవైద్యుల ఓపీలో అలాంటి పిల్లలు రోజూ కనబడతారు. పాలు మానేశారు, గుడ్డు మానేశారు, పప్పు మానేశారు, వంకాయ సరేసరి. చర్మం మాత్రం అలాగే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చాలామంది పిల్లల్లో తిండి వల్ల చర్మం పాడవడం లేదు. పాడైన చర్మాన్ని అలా వదిలేయడం వల్లే కొంతమందికి తిండి పడకుండా పోతోంది. కాబట్టి ముందు బాగుచేయవలసింది చర్మాన్ని. దీన్ని మెట్టు మెట్టుగా చెబుతాను.

1. ముందు జబ్బును గుర్తుపట్టాలి

అటోపిక్ డెర్మటైటిస్ అన్న పేరును 1933లో ఫ్రెడ్ వైజ్, మారియన్ సల్జ్‌బర్గర్ అనే అమెరికన్ చర్మవైద్యులు పెట్టారు. మన ఓపీల్లో ఎగ్జిమా అనే అంటాం. ఎక్కువమందికి ఐదేళ్ల లోపే, అందులోనూ చాలామందికి మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది. నెలల పిల్లలకు బుగ్గలు, నుదురు, చేతులూ కాళ్ల బయటివైపు. కాస్త పెద్దయ్యాక మోచేతి మడతలు, మోకాలి వెనక గుంటలు, మెడ, మణికట్లు. ఒళ్లంతా పొడిబారి ఉంటుంది. ఇంట్లో ఎవరికో ఒకరికి ఉబ్బసమో, పొద్దున లేవగానే తుమ్ములో ఉంటాయి. అన్నిటికంటే పెద్ద గుర్తు దురద. 1994లో బ్రిటన్ వైద్యుల బృందం ఒకటి ఈ జబ్బును గుర్తుపట్టే లక్షణాలను తేల్చినప్పుడు, దురద లేకపోతే ఇది ఆ జబ్బే కాదని మొదటి షరతుగా పెట్టింది.

విద్యార్థులకు ఒక మాట. మీ పుస్తకాల్లో చాలా బొమ్మలు తెల్లచర్మానివి. అక్కడ ఎర్రగా కనిపించేది మన పిల్లల ఒంటి మీద ఊదారంగులోనో, బూడిదరంగులోనో, ఉత్త నలుపుగానో ఉంటుంది. వెంట్రుకల మొదళ్ల దగ్గర చిన్న చిన్న గరుకు పొక్కులుగా కూడా వస్తుంది. ఎరుపు లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. చేత్తో తడిమి చూడండి, రాత్రి నిద్ర ఎలా ఉందో అడగండి. తగ్గాక మిగిలే తెల్లటి మచ్చలు చూసి తల్లిదండ్రులు బొల్లి అని హడలిపోతారు. అది బొల్లి కాదు. మంట చల్లారాక కొన్ని నెలల్లో రంగు తిరిగి వస్తుంది.

ఇంకో రెండు జబ్బులతో దీన్ని కలిపేస్తుంటారు. తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంచులు తేలి గుండ్రంగా పాకుతుంది. గజ్జి ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, వేళ్ల సందుల్లో మొదలై రాత్రిళ్లు ఇంటిల్లిపాదినీ గోకిస్తుంది. ఎగ్జిమా మాత్రం అంటుకోదు. బడిలో ఈ పిల్లల్ని వేరే బెంచీ మీద కూర్చోబెడుతున్నారని తల్లులు కళ్లనీళ్లు పెట్టుకుని చెబుతారు. ఉపాధ్యాయులెవరైనా ఇక్కడ ఉంటే దయచేసి వినండి: ఈ పిల్లల పక్కన కూర్చుంటే, వాళ్ల చెయ్యి పట్టుకుంటే, వాళ్ల డబ్బాలోది తింటే ఎవరికీ ఏమీ రాదు.

2. గోడ ఎక్కడ బీటలిచ్చింది

చర్మం పైపొరను ఇటుక గోడ అనుకోండి. చదునైన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నం. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా కాపాడేది ఈ పలుచని పొరే.

చాలాకాలం వైద్యలోకం ఎగ్జిమాను లోపలి నుంచి, అంటే రక్తంలోని రోగనిరోధక వ్యవస్థ అతి చేయడం వల్ల వచ్చే జబ్బుగానే చూసింది. 2006లో స్కాట్లాండ్‌లోని డండీలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రోటీను మీద చేసిన పని ఆ దృష్టిని మార్చేసింది. ఈ ప్రోటీను పైపొర కణాలకు బిగువు ఇస్తుంది. తర్వాత విడిపోయి, నీటిని పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది. చర్మానికి ఉండవలసిన కొద్దిపాటి ఆమ్లగుణానికీ తోడ్పడుతుంది. ఐరోపా జాతుల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఈ జన్యువులో లోపం ఉంటుందనీ, వాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువనీ తేలింది.

అంతా జన్యువులోనే ఉందని నేను అనడం లేదు. ఆ లోపం ఉన్నా ఎగ్జిమా రానివాళ్లు ఎందరో. ఎగ్జిమా వచ్చినవాళ్లలోనూ చాలామందికి ఆ లోపం ఉండదు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. చర్మంలో మంట రేగినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే రసాయనాలు ఫిలాగ్రిన్ తయారీనే తగ్గించేస్తాయి. అంటే జన్యువు బాగానే ఉన్న పిల్లవాడికీ మంటను అలా వదిలేస్తే గోడ బలహీనపడుతుంది. బలహీనపడ్డ చోట దురద, దురదకు గోకడం, గోకిన చోట స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి కాపురం, దాంతో మళ్లీ మంట. ఈ జబ్బు తిరిగి తిరిగి వచ్చేది ఇందుకే. సబ్బు సంగతీ ఇక్కడే అర్థమవుతుంది. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ. అసలే కొవ్వు తక్కువైన చర్మం నుంచి ఉన్న కాస్తా కడిగేస్తుంది.

3. తిండి చర్మం గుండా వెళితే

ఇక్కడ నెమ్మదిగా చెబుతాను. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

2003లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల చరిత్రను తవ్వి చూసింది. వాళ్లలో చాలామందికి పసితనంలో ఎర్రబారిన చర్మానికి వేరుశనగ నూనె కలిసిన క్రీములు రాశారని బయటపడింది. తినడం వల్ల కాకుండా, పూయడం వల్ల అలర్జీ పుట్టిందా అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. జపాన్‌లో ఇంతకన్నా పెద్ద ఉదంతం జరిగింది. గోధుమ ప్రోటీనును విడగొట్టి కలిపిన ముఖం సబ్బు ఒకటి అక్కడ విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్ని వాడిన రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ పట్టుకుంది. అంతకుముందు వాళ్లు రొట్టె, నూడుల్సు హాయిగా తింటున్నవాళ్లే. అమ్మకాలు 2010లో ఆపేశారు.

పొట్టలోకి వెళ్లిన ఆహారాన్ని మన ఒళ్లు ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. అదే ఆహారం బీటలిచ్చిన చర్మం గుండా లోపలికి చేరితే శత్రువని ముద్ర వేస్తుంది. మరి ఎగ్జిమా ఉన్న పిల్లకు ఫలానా తిండి నోటికి అందకుండా చేస్తే ఏమవుతుంది? ఇంట్లో మిగతావాళ్లు అది తింటూనే ఉంటారు. దాని పొడి గాలిలో, దుప్పట్లో, ముద్దాడే చేతుల్లో ఉంటుంది. చర్మం గుండా వెళ్లే దారి తెరిచే ఉంది. నోటి దారి ఒక్కటే మూశాం. ఓర్పు నేర్చుకునే అవకాశాన్ని మనమే తీసేశాం.

ఇదే ఆలోచనను లాక్ బృందం పరీక్షకు పెట్టింది. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న, లేదా గుడ్డు పడని, నాలుగు నుంచి పదకొండు నెలల పసివాళ్లు 640 మందిని తీసుకుని, సగం మందికి వేరుశనగ పెడుతూ వచ్చారు, సగం మందికి పూర్తిగా మాన్పించారు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లు నిండేసరికి మాన్పించిన పిల్లల్లో సుమారు 17 శాతం మందికి వేరుశనగ అలర్జీ వచ్చింది. పెట్టిన పిల్లల్లో 3 శాతం మందికే. అప్పటిదాకా ఇచ్చిన సలహాలను చాలా దేశాల వైద్యసంఘాలు తలకిందులుగా తిరగరాసుకున్నాయి.

మన ఇళ్లకు వద్దాం. పిల్లకు బుగ్గల మీద పొక్కులు కనబడగానే ముందు బాలింత మీద పడతాం. పాలిచ్చే తల్లికి అప్పటికే ఉన్న పథ్యానికి ఇంకో నాలుగు నిషేధాలు కలుపుతాం. తల్లి పథ్యం చేస్తే బిడ్డ ఎగ్జిమా తగ్గుతుందనడానికి పరిశోధనల్లో సరైన ఆధారం దొరకలేదు. ప్రసవించి, రాత్రిళ్లు నిద్రలేక, పాలిస్తున్న మనిషికి పప్పూ గుడ్డూ పెరుగూ తీసేయడం అన్యాయం అనిపిస్తుంది నాకు. ఆ తర్వాత బిడ్డకు అన్నప్రాశన అవుతుంది, నిషేధాల జాబితా బిడ్డకు బదిలీ అవుతుంది. కొందరు రక్తపరీక్షల ప్యాకేజీ చేయించి, పేజీల కొద్దీ ఎర్ర అక్షరాలున్న రిపోర్టు పట్టుకొస్తారు. రక్తంలో ఒక తిండికి ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ ఉన్నంత మాత్రాన ఆ తిండి పడదని అర్థం కాదు. ఎగ్జిమా పిల్లల్లో ఆ పరీక్ష ఎన్నో పదార్థాలకు ఉత్తినే పాజిటివ్ వస్తుంది. రోజూ గోధుమరొట్టె తిని ఆడుకుంటున్న పిల్లవాడికి రిపోర్టు చూసి రొట్టె మానిపిస్తే నష్టం రెండు రకాలు. ఎదుగుదల కుంటుపడటం ఒకటి. అతిపథ్యం వల్ల ఒంట్లో నీరు చేరే క్వాషియోర్కర్ వచ్చిన పిల్లలు అమెరికా లాంటి దేశంలోనే నమోదయ్యారు. రెండోది ఇంకా భయపెట్టేది. అంతకుముందు హాయిగా తిన్న పదార్థాన్ని కొన్ని నెలలు మానేసి మళ్లీ తినగానే ఊపిరాడని అలర్జీ వచ్చిన పిల్లలు ఉన్నారు.

నిజమైన ఆహార అలర్జీ లేదని కాదు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న పసివాళ్లలో అది తక్కువేమీ కాదు. కానీ దాని తీరు వేరు. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. అలా జరిగితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా వెంటనే ఆసుపత్రికి రండి. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు వేరుశనగ, గుడ్డు మొదటిసారి పెట్టేముందూ డాక్టరును అడగండి. మొన్న తిన్న వంకాయకు ఇవాళ మోచేతి మడతలో దురద రావడాన్ని మాత్రం ఆ లెక్కలో వేయకండి. వేరుశనగను పప్పుగా పసివాళ్లకు పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తగా నూరి జావలో కలిపి పెట్టాలి.

సున్నిపిండి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి అది ఏమిటన్న చర్చ నాకు అక్కర్లేదు. ఎగ్జిమాతో పగిలిన చర్మం మీద శనగపిండి, పెసరపిండి వేసి రుద్దడం మాత్రం ఆపండి. రాపిడి ఒక నష్టమైతే, ఆహార ప్రోటీన్లను పగుళ్లలోకి ఎక్కించడం ఇంకో నష్టం. ఇప్పటిదాకా చెప్పినదాన్నిబట్టి ఇది నా నిశ్చితాభిప్రాయం.

4. పూత

మొదట స్నానం. రోజూ చేయించవచ్చు. గోరువెచ్చని నీళ్లు, ఐదు పది నిమిషాలు, సువాసన లేని మృదువైన క్లెన్సర్. తువ్వాలుతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. బోరునీళ్ల గట్టిదనం వల్ల ఇదంతా అని చాలామంది అంటారు. గట్టి నీటికీ ఎగ్జిమాకూ సంబంధం కనబడిన మాట నిజమే. అయితే ఇంగ్లండులో 336 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. ఇంట్లో నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టినందువల్ల ఎగ్జిమాకు అదనపు ప్రయోజనం రాలేదు. ఆ డబ్బుతో మాయిశ్చరైజర్ కొనండి.

ఏ మాయిశ్చరైజర్? ఖరీదైనదే అక్కర్లేదు. వైట్ సాఫ్ట్ పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్ ఉన్న జనరిక్ క్రీములు చాలు. కొబ్బరినూనెకు కూడా మంచి సాక్ష్యం ఉంది. ఫిలిప్పీన్స్‌లో పిల్లల మీద చేసిన పరిశోధనలో అది మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది. ఆలివ్ నూనె వద్దు, అది పైపొరను ఇంకా బలహీనపరుస్తుందని తేలింది. వేపాకు రసం, నిమ్మరసం, వెల్లుల్లి ముద్ద పగిలిన చర్మం మీద పెట్టకండి. కాలిన గాయాలతో వచ్చిన పిల్లల్ని చూసి చెబుతున్నాను. ఎంత రాయాలి? పిల్లలకు వారానికి పావుకిలో దాకా పడుతుందని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. యాభై గ్రాముల ట్యూబును రెండు నెలలు లాక్కొస్తే అది రాసినట్టు కాదు. పుట్టిన రోజు నుంచి రాస్తే ఎగ్జిమా అసలు రాదేమోనని చాలామంది ఆశపడ్డాం. 2020లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల్లో ఆ ఆశ నెరవేరలేదు. వచ్చినదాన్ని అదుపులో ఉంచడంలో మాత్రం మాయిశ్చరైజర్‌కు సాటి లేదు.

ఇక స్టెరాయిడ్. ఆ మాట వినగానే ఈ హాలులో సగం ముఖాలు మారాయి. 1952లో సల్జ్‌బర్గర్, విక్టర్ విటెన్ కలిసి హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద పూసి చూపించినప్పటి నుంచి ఈ జబ్బుతో బతకడం సాధ్యమైంది. మంట రేగిన చోట, వయసుకూ చోటుకూ తగిన బలమున్న మందు, తగినంత, తగ్గేదాకా రాయాలి. ముఖానికి, మడతలకు తేలికపాటిది. గట్టిపడ్డ చోట్లకు కొంచెం బలమైనది. కొలతకు 1991లో లాంగ్, ఫిన్లే ఒక పద్ధతి చెప్పారు. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండిన మందు అరగ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులు, వేళ్లతో సహా, కప్పేంత చోటుకు సరిపోతుంది. ఆరునెలల పిల్లకు చేయి మొత్తానికి ఒక కొలత, కాలికి ఒకటిన్నర. చాలామంది తల్లులు భయంతో ఇందులో నాలుగో వంతు కూడా రాయరు. రెండు రోజులకే ఆపేస్తారు. మంట అడుగున అలాగే ఉంటుంది, వారానికి మళ్లీ లేస్తుంది. మందు పనిచేయలేదంటారు. మళ్లీ మళ్లీ లేచే చోట్ల తగ్గాక కూడా వారానికి రెండు రోజులు రాస్తూ ఉంటే తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. ముఖం, కనురెప్పల లాంటి చోట్లకు టాక్రోలిమస్ ఉంది. జపాన్‌లోని త్సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు. మొదటి కొద్ది రోజులు మండుతుంది, చర్మాన్ని పలచబరచదు.

భయపడవలసిన స్టెరాయిడ్లు మన మెడికల్ షాపుల్లో ఉన్నాయి. అన్నిటికన్నా బలమైన క్లోబెటసాల్‌ను ఫంగస్ మందుతో, యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే ట్యూబులో అమ్ముతారు. తామరకు అదే, ఎగ్జిమాకు అదే, తెల్లబడటానికి అదే. దురద రెండు రోజుల్లో పోతుంది కాబట్టి జనం మళ్లీ అదే అడుగుతారు. పసివాళ్ల చర్మం కాగితంలా పలచబడి, నరాలు తేలి, చారలు పడి వస్తారు. దేశమంతటా మొండి తామర వ్యాపించడంలో ఈ ట్యూబుల పాత్ర తక్కువది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. కాగితం మీది ఆ నియమాన్ని దుకాణంలో అమలు చేయించడం ఇంకా మిగిలే ఉంది. ఔషధ నియంత్రణ అధికారులకు ఈ సభ నుంచి ఒక తీర్మానం పంపాలని నిర్వాహకులను కోరుతున్నాను.

5. పూతలతో లొంగనప్పుడు

కొందరికి ఇవేవీ చాలవు. ఇక్కడ సుబ్బారావుగారి బృందం మనకు మళ్లీ ఎదురవుతుంది. ఫోలిక్ ఆమ్లానికి అడ్డు తగిలే మందులు కూడా లెడర్లీలోనే పుట్టాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్, లుకేమియా పిల్లల కోసం మొదలైన ఆ వెతుకులాటలోది, ఇవాళ తీవ్రమైన ఎగ్జిమాకు మన పేదలకు అందుబాటులో ఉన్న మంచి మందు. బ్రిటన్, ఐర్లండ్ పిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి 2023లో వచ్చింది. అందులో సైక్లోస్పోరిన్ అనే ఇంకో మందు త్వరగా పనిచేసినా, మందు ఆపాక మేలు ఎక్కువకాలం నిలిచింది మెథోట్రెక్సేట్‌తోనే. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. చీటీ మీద వారం పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయండి, ఇంటివాళ్లతో పైకి చదివించండి. దుష్ప్రభావాలు తగ్గడానికి దాంతోపాటు ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమే. డుపిలుమాబ్ ఇంజెక్షన్లు 2017 నుంచి వాడుకలోకి వచ్చాయి, మందుల్లో గొప్ప ముందడుగు. మన కుటుంబాలకు ధర అందనిది.

ఆ దశ దాకా రానివాళ్లే ఎక్కువ. వాళ్లకు కావలసింది ఓపీలో పది నిమిషాలు. చీటీ మీద "రోజుకు రెండుసార్లు" అని రాసి పంపితే ఎంత రాయాలో తల్లికి ఎలా తెలుస్తుంది? ఎన్ని గ్రాములు, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది రాయాలి. రాయడం ఎలాగో నర్సు ఒకసారి పిల్ల ఒంటి మీదే చేసి చూపించాలి. తండ్రికి కూడా చూపించాలి. రాత్రి మందు రాసే పని తల్లి ఒక్కదానిదే కానక్కర్లేదు. మా ఆసుపత్రి నర్సులు ఇద్దరు ఇవాళ వచ్చారు. టీ విరామంలో ఎడమవైపు బల్ల దగ్గర ఉంటారు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు అక్కడికి వెళ్లి, మీ సొంత వేలి మీద ఆ కొలత పిండించుకుని చూడండి. ప్రశ్నలు తర్వాత నన్ను అడగండి, నేను ఇక్కడే ఉంటాను.